చెరోకీ 140 డైరీ: ఫ్యూయల్ పంపు మార్చడం, దాని బేస్ దగ్గర ఆయిల్ కారడం ఆపడం

శనివారం

ముందు కొత్తగా చదివేవాళ్ళకి వివరాలు. విమానం పైపర్ చెరోకీ 140, 1969 మోడల్, ఇంజిన్ లైకమింగ్ ఓ-320, 150 హార్స్‌పవర్. డాలస్ దగ్గర ఓ చిన్న ఎయిర్‌పోర్టులో టీ-హ్యాంగర్‌లో ఉంటుంది. ముగ్గురం కలిసి కొన్నాం. నేను, తెనాలి నుంచి వచ్చిన తమ్ముడొకడు (చుట్టరికం ఏం లేదు, నన్ను అన్నా అంటాడు కాబట్టి తమ్ముడే), ఇంకొకాయన ఇక్కడి అమెరికన్. ఆయన డబ్బులు టైముకి ఇస్తాడు, ఎగురుతాడు, చేతికి గ్రీజు మాత్రం అంటించుకోడు.

సమస్య ఏంటంటే ముక్కు కింద ఆయిల్ చుక్కలు. ఇంత పాత ఇంజిన్‌కి ఒకటో రెండో చుక్కలు మామూలే అని మేమూ పట్టించుకోలేదు కానీ ఈమధ్య కౌలింగ్ (ఇంజిన్ మీది రేకు కప్పు) కింద అంచు నుంచి పొట్ట దాకా సన్నగా చార కనపడుతోంది, తుడిచినా ఎగిరొస్తే మళ్ళీ వచ్చేస్తోంది. దానికి తోడు తమ్ముడు ఇంకో మాట చెప్పాడు. "అన్నా, టేకాఫ్ అయ్యాక ఎలక్ట్రిక్ పంపు ఆపితే ఫ్యూయల్ ప్రెషర్ ముల్లు ఇదివరకటి కంటే కిందకి దిగుతోంది, చూశావా?" చూశాను. బూస్ట్ పంపు (ఆ ఎలక్ట్రిక్ పంపునే ఇలా అంటాం) ఆన్‌లో ఉన్నప్పుడు 5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిస్తుంది, ఆపితే ఇదివరకు 4 దగ్గర ఆగేది, ఇప్పుడు 2 కి కాస్త పైన ఆగుతోంది. కార్బురేటర్ ఉన్న ఈ ఇంజిన్‌కి 0.5 నుంచి 8 దాకా లిమిట్ కాబట్టి లెక్క ప్రకారం గ్రీన్‌లోనే ఉన్నాం. అయినా లిమిట్‌లో ఉందా లేదా అన్నదొక్కటే చూస్తే సరిపోదు, మన ముల్లు ఎప్పుడూ ఎక్కడ ఉండేదో గుర్తు పెట్టుకుని అది ఎటు జరుగుతోందో చూసుకోవాలి.

సెస్నా 172 నడిపిన వాళ్ళకి ఈ గొడవ తెలియదు. దాని రెక్కలు పైన ఉంటాయి, పాత కార్బురేటర్ మోడల్స్‌లో పెట్రోల్ దానంతటదే కిందకి దిగుతుంది, పంపు అక్కర్లేదు. చెరోకీకి ట్యాంకులు రెండూ కింది రెక్కల్లో ఉన్నాయి, కార్బురేటర్ వాటికంటే ఎత్తులో ఉంది, అందుకే ఇంజిన్‌తో తిరిగే మెకానికల్ పంపు ఒకటి, దానికి తోడుగా ఎలక్ట్రిక్ పంపు ఒకటి. టేకాఫ్‌కి, ల్యాండింగ్‌కి, ట్యాంక్ మార్చేటప్పుడు ఎలక్ట్రిక్ ఆన్ చేస్తాం, మిగతా ప్రయాణమంతా మెకానికల్ పంపు మీదే.

పాత అంబాసిడర్, జీపు విప్పిన వాళ్ళకి ఈ పంపు చూడగానే తెలిసిపోతుంది, మన షెడ్డుల్లో ఏసీ పంపు అంటారే అదే జాతి. లోపల రబ్బరు గుడ్డ డయాఫ్రమ్, దాని కింద స్ప్రింగు, లోపలికి ఒక వాల్వు బయటికి ఒక వాల్వు. ఇంజిన్ వెనక గేర్ షాఫ్ట్ మీద ఎక్సెంట్రిక్ (కేంద్రం పక్కకి జరిగిన చక్రం) తిరుగుతూ ఓ చిన్న ప్లంజర్‌ని నొక్కుతుంది, ప్లంజర్ పంపు లివర్‌ని నొక్కుతుంది, లివర్ డయాఫ్రమ్‌ని లాగుతుంది. తోసేది మాత్రం స్ప్రింగే, అందుకే ప్రెషర్ ఎంతన్నది ఇంజిన్ స్పీడు మీద కాకుండా ఆ స్ప్రింగు బలం మీద ఆధారపడుతుంది. కార్బురేటర్‌లో ఫ్లోట్ నిండి నీడిల్ మూసుకుంటే డయాఫ్రమ్ అక్కడే ఆగిపోతుంది, లివర్ ఊరికే ఆడుతూ ఉంటుంది. విమానం పంపులో అదనంగా ఉండేది ఏంటంటే ఫ్యూయల్ వైపు ఒకటి ఆయిల్ వైపు ఒకటి డయాఫ్రమ్‌లు, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీ నుంచి సన్న పైపు (వెంట్ పైపు) ఒకటి కౌలింగ్ బయటికి. ఫ్యూయల్ వైపు చిరిగితే పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లో కలవకుండా బయటికి పోవడానికి ఆ ఏర్పాటు. ఈ సన్న పైపు సంగతి రేపు.

ఆదివారం

ఆయిల్ కారుతోంది కదా అని నేరుగా పంపు విప్పేయడం నాకు ఇష్టం లేదు. పంపు ఇంజిన్ వెనక, మాగ్నెటోల (ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి) కిందుగా ఉంటుంది, పైన ఎక్కడ కారినా పల్లంలో ఉన్న పంపు మీదకే వచ్చి పడుతుంది. ఆయిల్ ఫిల్టర్ అడాప్టర్ గాస్కెట్, మాగ్నెటో గాస్కెట్లు, టాకోమీటర్ కేబుల్ దగ్గర సీలు, వ్యాక్యూమ్ పంపు సీలు, ఇన్ని అనుమానాలు. అందుకే ముందు దొంగని పట్టుకోవాలి.

కౌలింగ్ తీసేసి ఇంజిన్ వెనక భాగమంతా మినరల్ స్పిరిట్స్‌తో బ్రష్ పెట్టి కడిగాం, మాగ్నెటోల గాలి రంధ్రాల్లోకి పోకుండా ప్లాస్టిక్ కవర్లు చుట్టి. ఆరాక పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రే ఉంటుంది చూడండి, మందుల షాపులో దొరికేది, అది తెల్లగా పల్చగా కొట్టాం. మా మెకానిక్ చెప్పిన చిట్కా ఇది. తర్వాత పది నిమిషాలు గ్రౌండ్ రన్, ఆయిల్ వేడెక్కేదాకా. ఆపి టార్చి వేసి చూస్తే పైనున్న ఫిల్టర్ అడాప్టర్ తెల్లగానే ఉంది, మాగ్నెటోలు తెల్లగానే ఉన్నాయి, టాక్ డ్రైవ్ కూడా పొడిగానే ఉంది. పంపు బేస్ ఇంజిన్ కేసుకి ఆనే గీత దగ్గర మాత్రం పౌడర్ తడిసి గోధుమ రంగులోకి తిరిగింది, ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ. గాస్కెట్ పోయింది, అది ఖాయం.

అక్కడితో అయిపోతే గాస్కెట్ ఒక్కటే మార్చేవాళ్ళం. ఇప్పుడు ఆ సన్న పైపు. దాని చివర తెల్ల టిష్యూ కట్టి రన్ చేశాం, టిష్యూ మీద ఆయిల్ మరక వచ్చింది. నీలం రంగు లేదు. మేం వాడే 100ఎల్ఎల్ విమానం పెట్రోల్‌కి నీలం రంగు కలుపుతారు, అది ఎక్కడ కారి ఎండినా నీలం మరక వదులుతుంది, కాబట్టి ఫ్యూయల్ డయాఫ్రమ్ ఇంకా పట్టుకునే ఉంది, ఆయిల్ వైపుది లీకవుతోంది. ప్రెషర్ కూడా తగ్గింది కదా. అంటే పంపు లోపలే ముసలిదైపోయింది. దీన్ని విప్పి కొత్త గాస్కెట్ వేసి పాత పంపే పెట్టడం దండగ పని, పంపు మార్చాల్సిందే.

తమ్ముడు "మధ్యలో డయాఫ్రమ్ కిట్ తెచ్చి వేసుకుందాం అన్నా, మా నాన్న జీపుకి అలాగే చేసేవాడు" అన్నాడు. జీపు ఆగిపోతే రోడ్డు పక్కన పెట్టి టీ తాగొచ్చురా అన్నాను. అదీకాక ఇది సర్టిఫైడ్ విమానం, ఇష్టమొచ్చిన చోట తెచ్చిన పార్టు వేయడానికి లేదు, ఇంజిన్ తయారీదారుడిదైనా కావాలి, ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) పీఎంఏ అప్రూవల్, అంటే వేరే కంపెనీ ఆ పార్టు తయారుచేయడానికిచ్చే అనుమతి, ఉన్నదైనా కావాలి.

రూల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎవరైనా నన్ను చూసి ఒంటరిగా మొదలుపెడతారేమో. ఆయిల్ మార్చుకోవడం, ప్లగ్గులు క్లీన్ చేసుకోవడం, టైరు మార్చుకోవడం లాంటివి పైలట్ సర్టిఫికెట్ ఉన్న ఓనర్ సొంతంగా చేసుకోవచ్చు, ఎఫ్ఏఏ రూల్స్ పార్ట్ 43 లో లిస్టు ఉంది, ఫ్యూయల్ పంపు ఆ లిస్టులో లేదు. కాకపోతే ఏ అండ్ పీ మెకానిక్ (ఎఫ్ఏఏ సర్టిఫికెట్ ఉన్న విమాన మెకానిక్) దగ్గరుండి చూస్తుంటే మనం చేతులు పెట్టడానికి 43.3 లో వీలుంది, పని బాగుందని తేల్చి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేది ఆయన. మా మెకానిక్ డెబ్బై దాటిన పెద్దాయన, స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతూ మా చేతులు చూస్తుంటాడు, ఏదైనా తేడా చేస్తే గొంతు సవరించుకుంటాడు, అంతే.

పంపు వచ్చిన రోజు

డబ్బాలో పంపు, గాస్కెట్, 8130-3 ట్యాగ్ (పార్టు అప్రూవ్ అయినదని చెప్పే ఎఫ్ఏఏ కాగితం). ట్యాగ్ ఫైల్‌లో పెట్టాం, అది పోతే పంపుకి విలువ లేదు. పాత పంపు ఫోటోలు తీసిపెట్టుకున్నాం కదా, వాటితో పోల్చి చూశాం, ఇన్‌లెట్ అవుట్‌లెట్ ఏ దిక్కుకి ఉన్నాయి, వెంట్ రంధ్రం ఎటుంది అని. పంపు పై భాగాన్ని కింది భాగానికి బిగించే స్క్రూలు చుట్టూ ఉంటాయి, వాటిని విప్పి దిక్కు మార్చేసేవాళ్ళున్నారు. కొత్త పంపు ఫ్యాక్టరీ సీలుని మనమే విప్పి మనమే బిగించడం ఏం తెలివో నాకు అర్థం కాదు. మాది సరిగ్గానే ఉంది కాబట్టి ఆ అవసరమూ రాలేదు.

లివర్‌ని బొటనవేలితో నొక్కి ఇన్‌లెట్ మీద వేలు పెడితే చక్కగా లాగి పట్టుకుంటోంది. బల్ల మీదే ఈ పరీక్ష చేయడం మంచిది, బిగించాక తెలిసి ఏం లాభం.

శనివారం, విప్పడం

ముందు జాగ్రత్తలు: ఫ్యూయల్ సెలెక్టర్ (ట్యాంకులు మార్చే వాల్వు) ఆఫ్, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాం, గ్యాస్కొలేటర్ (పెట్రోల్ ఫిల్టర్ గిన్నె) డ్రెయిన్ చేశాం, విమానానికి ఎర్తింగ్ వైరు తగిలించాం, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే చోట. మాగ్నెటో తాళంచెవి నా జేబులో. ప్రతి సిలిండర్‌కి పై ప్లగ్గు తీసేశాం, ఎందుకంటే ఈరోజు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పాల్సి ఉంది, మాగ్నెటో ఆఫ్‌లో ఉన్నా సరే గ్రౌండ్ వైరు తెగి ఉంటే ప్రొపెల్లర్ ఒక్కసారి తన్నిందంటే చెయ్యి ఉండదు. ప్లగ్గులు లేకపోతే కంప్రెషన్ ఉండదు, తేలిగ్గానూ తిరుగుతుంది.

హోస్‌లు విప్పేటప్పుడు రెండు స్పానర్లు తప్పనిసరి, ఒకటి హోస్ నట్టుకి, ఇంకోటి ఎల్బో కదలకుండా పట్టుకోవడానికి. ఇన్‌లెట్ హోస్‌లో గ్లాసుడు పెట్రోల్ మిగిలి ఉంటుంది, కింద డబ్బా పెట్టండి, మోచేతి దాకా కారుతుంది, చల్లగా హాయిగానే ఉంటుంది కానీ ఇందులో సీసం ఉంది, గ్లవ్స్ వేసుకోండి. విప్పిన ప్రతి నోటికీ వెంటనే క్యాప్. మా పెద్దాయనకి ఈ విషయంలో చాదస్తం, క్యాప్ లేకుండా హోస్ వేలాడితే పని ఆపేస్తాడు.

పంపుని పట్టుకున్నవి రెండే బోల్టులు, 5/16 అంగుళంవి. వినడానికి చిన్న పని. ఒకటి బాగానే అందుతుంది. రెండోదానికి ఇంజిన్ మౌంట్ పైపు ఒక పక్క, హోస్ ఒక పక్క, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కి క్యాబిన్‌కి మధ్య గోడ) వెనక, స్పానర్ పెడితే పన్నెండో వంతు తిరుగుతుంది, తీసి తిప్పి మళ్ళీ పెట్టాలి. తమ్ముడి చేతులు సన్నం కాబట్టి వాడి ఖాతాలో వేశాను. వాడు ఫైర్‌వాల్‌కి ఇంజిన్‌కి మధ్య తల దూర్చి సెల్‌ఫోన్ నోట్లో పట్టుకుని సేఫ్టీ వైరు (బోల్టు వదులవకుండా కట్టేది) కట్ చేసి బోల్టు తీసేసరికి టెక్సస్ ఎండకి హ్యాంగర్ రేకులు కాలి ఇద్దరం తడిసి ముద్దయ్యాం. కట్ చేసిన వైరు ముక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేశాం.

పంపు కిందకి దింపుతుంటే ప్లంజర్ వెనకాలే జారి రావచ్చు, చెయ్యి కింద పెట్టుకుని ఉండాలి. మాది గ్రీజు జిగురుకి కాస్త ఆగి తర్వాత మెల్లగా జారింది. చివరలు చూశాం, అరుగుదల, గుంటలు, గీతలు ఏమీ లేవు. పెద్దాయన మైక్రోమీటర్ పెట్టి లిమిట్స్ పుస్తకం తిరగేసి బాగుందన్నాడు.

అదే రోజు, తుడవడం

ఈ పనిలో నా దృష్టిలో అసలు భాగం ఇదే, ఎక్కువ టైం కూడా దీనికే పెట్టాం. పాత గాస్కెట్ సగం పంపుకి అంటుకుని వచ్చింది, సగం ఇంజిన్ కేసు మీదే ఉండిపోయింది, ఏళ్ళ తరబడి వేడికి పెంకులా గట్టిపడిపోయింది. మా కంటే ముందు ఎవరో దాని మీద ఎర్ర సిలికాన్ కూడా దట్టించారు, లోపలి అంచున అది కన్నంలోకి నాలుకలా వేలాడుతోంది. ఆ ముక్క తెగి పడితే ఎక్కడికి పోతుంది? కిందకి, సంప్‌లోకి (ఆయిల్ తొట్టి), అక్కడి నుంచి ఆయిల్ సక్షన్ స్క్రీన్‌కి (ఆయిల్ లాగే చోట ఉండే జల్లెడ). ఓ చుక్క ఆయిల్ బయటికి కారకుండా ఆపబోయి ఇంజిన్ మొత్తానికి ఆయిల్ అందకుండా చేసుకునే పని అది.

ముందు ఓపెనింగ్‌లో నూలు రాలని గుడ్డ బాగా కుక్కి, గుడ్డ చివర బయటికి వేలాడేలా పెట్టి (లోపల మర్చిపోకుండా), తర్వాత ప్లాస్టిక్ స్క్రేపర్‌తో కొద్దికొద్దిగా గీకాం. కేసు అల్యూమినియం, ఇనప స్క్రేపర్ ఒక్కసారి జారితే గీత పడుతుంది, ఆ గీతలోంచి ఎన్ని గాస్కెట్లు మార్చినా ఆయిల్ వస్తూనే ఉంటుంది. మొండిగా ఉన్నచోట గాస్కెట్ రిమూవర్ బ్రష్‌తో రాసి నానబెట్టాం. స్కాచ్‌బ్రైట్ ప్యాడ్ పెట్టి రుద్దేస్తే ఐదు నిమిషాల పని, తమ్ముడు అది చేతిలోకి తీసుకోగానే స్టూలు మీంచి గొంతు సవరించిన చప్పుడు. ఆ ప్యాడ్‌లో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ పొడి, అంటే సానరాయి పొడే, అది ఇంజిన్‌లోకి పోయి ఆయిల్‌తో తిరిగితే బేరింగ్‌లని నాకేస్తుంది. విప్పి బల్ల మీద పెట్టి కడగగలిగిన పార్టుకైతే వాడుకోవచ్చు, తెరిచి ఉన్న ఇంజిన్ దగ్గరకి తీసుకురావద్దన్నాడు.

గీకడం అయ్యాక అసిటోన్ గుడ్డతో తుడిచి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ తుడిచి, చిన్న స్టీలు స్కేలు అంచు ఆనించి వెనక టార్చి వేసి వెలుతురు దూరుతోందేమో చూశాం. కేసు సమంగా ఉంది. పాత పంపు బేస్‌కి అదే స్కేలు పెడితే బోల్టుల దగ్గర వంగి మధ్యలో వెలుతురు కనపడింది, ఎవరో కారడం ఆగట్లేదని బోల్టులు బలంగా బిగించి బిగించి ఫ్లాంజ్‌నే వంచేశారు. ఒక పక్క ఎక్కువ తడి, ఒక పక్క తక్కువ తడి ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది.

అదే రోజు సాయంత్రం, బిగించడం

ముందు ఎల్బోలు. ఇవి పైపు త్రెడ్‌లు, లోపలికి పోయేకొద్దీ బిగుసుకుంటాయి, వాటిని తిప్పుతూ హోస్ దిక్కుకి తీసుకొచ్చి ఆపాలి, దాటిపోతే వెనక్కి తిప్పకూడదు, వెనక్కి తిప్పితే సీలు పోయినట్టే. టెఫ్లాన్ టేపు వాడొద్దు, నల్లాలకి చుట్టే తెల్ల టేపు ఉంది కదా అది. దాని పీలికలు తెగి కార్బురేటర్ నీడిల్ దగ్గర ఇరుక్కుంటాయి. ఈజీ టర్న్ అనే ఫ్యూయల్ లూబ్, పెట్రోల్‌లో కరగని గ్రీజు లాంటిది, మొదటి రెండు త్రెడ్‌లు వదిలేసి మిగతావాటికి పల్చగా రాశాం.

తర్వాత ప్లంజర్. ప్రొపెల్లర్ మామూలుగా తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పుతూ (వెనక్కి తిప్పితే వ్యాక్యూమ్ పంపు బ్లేడ్లకి మంచిది కాదంటారు, వాదన ఉంది కానీ ఎందుకొచ్చిన గొడవ) వేలుతో ప్లంజర్‌ని పైకి ఆనించి పట్టుకుంటే అది కిందకి తోసుకురావడం, మళ్ళీ పైకి పోవడం తెలుస్తుంది. పూర్తిగా పైకి పోయిన చోట ఆపాలి. అప్పుడు లివర్‌కి చోటు దొరుకుతుంది, స్ప్రింగుతో కుస్తీ పట్టక్కర్లేదు. ప్లంజర్ జారిపోకుండా చిక్కటి గ్రీజు పూసి పైకి తోశాం, అది అలా అంటుకుని ఉంటుంది, ఇంజిన్ వేడెక్కాక గ్రీజు ఆయిల్‌లో కరిగిపోతుంది.

గాస్కెట్ పొడిగా వేయాలా, ఏదైనా రాసి వేయాలా అన్నదాని మీద హ్యాంగర్‌కొక మతం ఉంది. ముందు గాస్కెట్‌తో వచ్చిన కాగితం, ఇంజిన్ మాన్యువల్ చూడాలి, పొడిగా వేయమంటే పొడిగానే. మా రకానికి రాయొచ్చు కాబట్టి పెర్మాటెక్స్ నంబర్ 3, డబ్బా మూతకే బ్రష్ ఉండే గోధుమరంగు జిగురు, ఎండి గట్టిపడదు, అది రెండు వైపులా పల్చగా, గాస్కెట్ రంగు కింద కనపడేంత పల్చగా రాశాం, లోపలి అంచుకి కొంచెం ఇవతలే ఆపాం. సిలికాన్ వద్దనడానికి లోపల వేలాడిన నాలుక ఒక్కటే కారణం కాదు, తడి సిలికాన్ మీద గాస్కెట్ సబ్బులా జారుతుంది, బోల్టు బిగిస్తుంటే పక్కకి పిండుకుని బయటికి వచ్చేస్తుంది. పెర్మాటెక్స్ బంకగా పట్టుకుంటుంది, తలకిందులుగా పనిచేసేటప్పుడు గాస్కెట్ పంపు మీద కదలకుండా నిలబడటం కూడా దానివల్లే.

ఇక లివర్‌ని ప్లంజర్ కిందకి తేవాలి. ఇది కంటికి కనపడదు, చేతికి తెలియాలి. లివర్ ప్లంజర్ పక్కకి పోయినా పంపు దాదాపు కూర్చున్నట్టే అనిపిస్తుంది, అలాగే బోల్టులు బిగించి స్టార్ట్ చేస్తే ఏదో ఒకటి విరిగి ఇంజిన్‌లో పడుతుంది. పంపుని చేత్తోనే కేసుకి ఆనించి రెండు బోల్టులూ వేళ్ళతో తిప్పాం, అంతా చుట్టూ సమంగా ఆనింది, ఏ పక్కా సందు లేదు. తర్వాత హోస్‌లు పెట్టకముందే నేను ఇన్‌లెట్ మీద బొటనవేలు పెట్టాను, తమ్ముడు ముందుకెళ్ళి ప్రొపెల్లర్ తిప్పాడు. వేలుని లాగి వదులుతోంది, లాగి వదులుతోంది. "పట్టిందిరా" అన్నాను. ఈ పరీక్షకి ఒక నిమిషం పడుతుంది, దీన్ని మానేసేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం.

టార్క్ 204 ఇంచ్-పౌండ్లు, 5/16 బోల్టుకి లైకమింగ్ ఇచ్చిన మామూలు లెక్క. సాకెట్ పట్టదు కాబట్టి క్రోఫుట్ (పక్క నుంచి పట్టే స్పానర్ ముక్క) పెట్టాం, దాన్ని టార్క్ రెంచికి అడ్డంగా 90 డిగ్రీల్లో పెడితే రీడింగ్ మార్చక్కర్లేదు, రెంచి పొడుగునా నేరుగా పెడితే చెయ్యి పొడవు పెరిగి నిజం టార్క్ ఎక్కువైపోతుంది, లెక్క కట్టుకోవాలి. రెండు బోల్టులూ ఒకేసారి పూర్తిగా కాకుండా ఇటు కొంచెం అటు కొంచెం. 204 అంటే చేతికి చాలా తక్కువ అనిపిస్తుంది, ఇంకొంచెం లాగుదాం అనిపిస్తుంది, ఆ అనిపించడమే పాత పంపు ఫ్లాంజ్‌ని వంచింది. తర్వాత 0.032 అంగుళాల సేఫ్టీ వైరు, అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు, బోల్టు బిగుసుకునే వైపుకే లాగేలా. తమ్ముడి మొదటి వైరుని పెద్దాయన ఏం మాట్లాడకుండా కట్ చేసేశాడు. రెండోది ఉంచాడు.

ఆదివారం, లీక్ చెక్

హోస్‌లు, వెంట్ పైపు పెట్టాం, బ్యాటరీ తగిలించాం. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ముందు ఎలక్ట్రిక్ పంపు ఒక్కటే ఆన్. టకటక కొట్టుకుని కొత్త పంపు నిండాక చప్పుడు నెమ్మదించింది, ముల్లు 5 దగ్గర నిలబడింది. ఎలక్ట్రిక్ పంపు ఇదే పంపు లోపలి వాల్వుల్లోంచి తోస్తుంది కాబట్టి ఫ్యూయల్ వైపు జాయింట్లన్నీ ఇప్పుడే ప్రెషర్‌లో ఉన్నాయి, ప్రొపెల్లర్ తిరగకుండానే తీరుబడిగా చూడొచ్చు.

ఇన్‌లెట్ ఎల్బో త్రెడ్ దగ్గర టిష్యూ పెడితే అంచున లేత నీలం. చుక్క కాదు, చెమట. ఇంకో పావు వంతు తిప్పితే ఆగిపోతుందేమో కానీ అప్పుడు ఎల్బో మూతి ఫైర్‌వాల్ వైపు చూస్తుంది, హోస్ మెలికపడుతుంది. పూర్తిగా ఒక చుట్టు తిప్పితే పంపు బాడీ పగలొచ్చు. వేరే దారి లేక ఎల్బో తీసేసి త్రెడ్‌లు తుడిచి కొత్తగా లూబ్ రాసి మళ్ళీ ఎక్కించాం, ఈసారి సరైన దిక్కుకి వచ్చేసరికి గట్టిగానే బిగిసింది. బూస్ట్ ఆన్ చేసి పావుగంట వదిలేశాం, టిష్యూ పొడి.

తర్వాత ప్లగ్గులు పెట్టి ఇంజిన్ స్టార్ట్. బూస్ట్ ఆపితే ముల్లు 5 నుంచి 4 కి కాస్త పైకి దిగి అక్కడే కదలకుండా ఉంది. 1800 ఆర్పీఎంలో చూశాం, ఐడిల్‌లో చూశాం, ట్యాంకు మార్చి చూశాం. ఆయిల్ బాగా వేడెక్కాక ఆపి పౌడర్ కొట్టిన బేస్ చూస్తే తెల్లగా ఉంది.

చల్లారాక పెద్దాయన మళ్ళీ వైరు కట్ చేయించి టార్క్ చూడమన్నాడు. మొదటి వేడికి గాస్కెట్ కొంచెం అణిగి బోల్టు వదులవుతుందట, నిజంగానే రెండు బోల్టులూ 204 కి రావడానికి కొద్దిగా తిరిగాయి. మళ్ళీ వైరు. తమ్ముడి మొహం చూడాలి.

తర్వాతి వారం

సర్క్యూట్‌లో ఎగిరాం, ఎయిర్‌పోర్టుని వదలకుండా, పైన గుండ్రంగా తిరుగుతూ. వెయ్యి అడుగుల దగ్గర బూస్ట్ ఆపినప్పుడు ఇద్దరం ముల్లునే చూస్తున్నాం, బయట చూడరా అని నేనే వాడికి చెప్పాల్సి వచ్చింది. దిగి కౌలింగ్ తీస్తే వెంట్ పైపుకి కట్టిన టిష్యూ పొడి, బేస్ పొడి. పొట్ట మీద మాత్రం ఇంకా సన్న ఆయిల్ పొర ఉంది, అది క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు) నుంచి వచ్చేది, ఆ పైపు చివర కింద నేరుగా కనపడుతుంది, అది వేరే సంగతి, దానికి ఈ పంపుతో సంబంధం లేదు.

లాగ్‌బుక్‌లో పెద్దాయన రాసింది నాలుగు లైన్లు: పంపు తీసి కొత్తది బిగించినది, పార్ట్ నంబర్, సీరియల్ నంబర్, కొత్త గాస్కెట్, లీక్ చెక్, గ్రౌండ్ రన్ బాగున్నాయి అని, తేదీ, సంతకం, సర్టిఫికెట్ నంబర్. మా అమెరికన్ పార్ట్‌నర్‌కి బిల్లు పంపాను, వెంటనే కట్టేశాడు, "ఇంక కారదు కదా?" అని ఒక మెసేజ్ పెట్టాడు. బ్రీదర్ సంగతి ఆయనకి చెప్పలేదు.

పాత పంపుని తమ్ముడు ఇంటికి తీసుకెళ్ళి విప్పాడు. ఆయిల్ వైపు డయాఫ్రమ్ మధ్య కడ్డీ చుట్టూ నెర్రెలు విచ్చింది, గోరుతో వంచితే విరుగుతోంది. ఫ్యూయల్ వైపుది ఇంకా మెత్తగానే ఉంది, కానీ అంచుల్లో గట్టిపడటం మొదలైంది. వాల్వులు బాగానే ఉన్నాయి, స్ప్రింగు కూడా.

హోస్‌లు విప్పినప్పుడు వాటి ట్యాగ్‌ల మీద తేదీలు చూశాం, రబ్బరువి, మార్చాల్సిన వయసు దాటిపోయాయి, మళ్ళీ బిగించేటప్పుడు ఒకటి పలకలా బిగుసుకుని వంగనన్నది. ట్యాంకు నుంచి పంపుకి వచ్చేది, పంపు నుంచి కార్బురేటర్‌కి పోయేది రెండూ టెఫ్లాన్ లైనింగ్ ఉన్నవి, ఫైర్ స్లీవ్‌తో (మంట తట్టుకునే తొడుగు) సహా ఆర్డర్ పెట్టాం. అవి వచ్చేదాకా ఎగరట్లేదు.